సోఫాకు మ్యాచయ్యే పురాణం

తెలంగాణలోని చేర్యాల పటం బొమ్మకు నేపథ్యం ఎరుపు. సోఫా కవర్లకు బాగా నప్పుతుంది. ఆ ఒక్క అర్హత మీదే అది హైదరాబాద్ డ్రాయింగ్ రూముల్లో స్థిరపడింది. కొలత మాత్రం రెండడుగులు దాటకూడదు, పైన ఏసీ ఉంది.

అసలు పటమైతే 30, 40 అడుగులు సాగుతుంది. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు పట్టించి ఆరబెట్టి, నకాషీ చిత్రకారులు దాని మీద కథ మొత్తం గడులు గడులుగా గీసేవారు. గోడకు తగిలించడానికి కాదు, కులం ముందు విప్పడానికి. కూనపులివాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేవారు, గౌడజెట్టివాళ్లు గౌడులకు గౌడపురాణం. డక్కలివాళ్లు మాదిగవాడలో జాంబపురాణం ఎత్తుకుంటే, భూమికన్నా ముందు పుట్టినవాడు తమ జాంబవుడేనని వాడంతా కూచుని వినేది. ఊరి చివర ఉంచినవాళ్లకు ఊరికన్నా పెద్దరికం! ఇలాంటి సరుకు డ్రాయింగ్ రూములోకి రావాలంటే కత్తెర తప్పదు కదా. పురాణం తీసేస్తే పల్లెపడుచు మిగిలింది, తల మీద కుండతో. ఆమె ఇప్పుడు కోస్టర్ల మీదా దొరుకుతోంది. కుండ మీద టీకప్పు పెట్టుకోవచ్చు.

మ్యూజియం ఇంకాస్త మర్యాదస్తురాలు. పటాన్ని గాజు వెనక పెట్టి, కింద చీటీలో గుడ్డ, రంగు, శతాబ్దం రాస్తుంది. కర్ర పట్టుకుని బొమ్మ బొమ్మా చూపిస్తూ పాడినవాడు ఏ కొలతకూ అందడు గనక చీటీలోకి ఎక్కడు.

అయితే ఒక డక్కలి కళాకారుడికి నగరం ఏకంగా స్తంభమే ఇచ్చింది. పన్నెండు మెట్ల కిన్నెర వాద్యం మీద ప్రజావీరుడు పండుగ సాయన్న కథ పాడే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది, ఫ్లైఓవర్ స్తంభం మీద ఆయన బొమ్మా వెలిసింది. 2024లో ఆయన కూలిపనికి వెళ్తున్నారని పత్రికలు రాశాయి. అదే ఏడాది ఆ బొమ్మ మీద ఎవరో పోస్టర్లు అంటిస్తే, ఆయనే వచ్చి చేత్తో పీకి పారేశారు. పద్మశ్రీలు ఎవరి బొమ్మ వాళ్లే తుడుచుకునే ఈ పద్ధతిలో ఖజానాకు పైసా ఖర్చు లేదు.

మిగతా స్తంభాల మీద పటం ఎప్పుడో పూర్తయింది. ఒక గడిలో కోచింగ్ సెంటర్, ఇంకో గడిలో పైల్స్ వైద్యుడు, పై గడిలో పుట్టినరోజు నాయకుడు. సిగ్నల్ పడితే చాలు, శ్రోతలు కదలరు.