అడవికి హాజరుపట్టీ

సృష్టికర్తయైన బ్రహ్మకు అడవిని నిర్మించుట చేతనైనదే కాని, ఆ నిర్మాణమునందాయన యెట్టి క్రమశిక్షణయు పాటింపలేదని యొప్పుకొనక తప్పదు. మద్ది ప్రక్కన తునికి, తునికి నీడన పరికికంప, కంప మొదట పుట్ట, పుట్టమీద పేరు తెలియని తీగ. వీనికి వరుస లేదు, గుంతకును గుంతకును నడుమ నిర్ణీతమైన దూరము లేదు, ఏ మొక్క యేనాడు నాటబడినదో తెలుపు రిజిస్టరు లేదు, తుదకొక శిలాఫలకమైనను లేదు. ఈ లోపములన్నిటిని సవరించు మహత్కార్యమును మనకాలమున గ్రామపంచాయతీలు తలకెత్తుకొన్నవి. ఎత్తుకొన్నవనుటకన్న, పైనుండి వాని తలకెత్తబడినదనుట న్యాయము.

పాలకులకు అడవి యనగా ప్రధానముగా నొక సంఖ్య. 1952 నాటి జాతీయ అటవీ విధానము దేశభూభాగమున మూడవవంతు అడవిగా నుండవలెనని చెప్పి, కొండసీమలలో నూటికి 60, మైదానములలో 20 అను వివేకవంతమైన వివరణమును గూడ జతచేసినది. కాలక్రమమున ఆ వివరణము మరుగునపడి 33 అను నంకె మాత్రము మంత్రమై మిగిలినది. ముప్పది మూడు కోట్ల దేవతలున్న దేశమున ముప్పది మూడు శాతము అడవి యుండవలెననుటలో సంప్రదాయవిరుద్ధమేమియు లేదు; రెంటిని విశ్వసింపవలెనే కాని లెక్కింపరాదు. అయినను లెక్కించుటకు సాహసించిన సంస్థ యొకటి దెహ్రాదూనున కలదు. ఫారెస్టు సర్వే ఆఫ్ ఇండియా వారి నిర్వచనము ప్రకారము, హెక్టారుకు తక్కువ కాని యే నేలయందైనను చెట్ల కొమ్మలు నూటికి పదిపాళ్లు నేలను కప్పియున్నచో నదియెల్ల అటవీ ఆచ్ఛాదనమే. ఆ నేల యెవరిది, ఆ చెట్టేది యను చిల్లర ప్రశ్నలకు తావు లేదు. మామిడితోపు అడవి, తాటితోపు అడవి, కాగితపు మిల్లుకు కఱ్ఱ యమ్ముటకై వేసిన జామాయిల్ తోటయు అడవియే. తొంబదిపాళ్లు ఆకాశమే కనబడు చోటును గూడ అడవిగా నంగీకరించు ఇంతటి యౌదార్యము చూపియు, 2023 నివేదికలో దేశమంతయు గాలింపగా దొరికినది 21.76 శాతము. గట్లమీది చెట్లను, పెరటిచెట్లను, బాటప్రక్క చెట్లను గూడ పోగుచేసి కలుపగా నది 25.17 అయినది. మిగిలిన యెనిమిది శాతము నెక్కడినుండి తేవలెనో యని దిగులుపడువారు మన పంచాయతీల శక్తిసామర్థ్యముల నెఱుగనివారు.

2015 జూలై 3న తెలంగాణమున హరితహార మారంభమైనప్పుడు చెప్పిన లక్ష్యము 24 శాతమును 33 శాతము చేయుట. సాధనము 230 కోట్ల మొక్కలు. నేను హరితద్వేషిని గాను. కొన్ని బాటలకిరువైపుల నీడ వచ్చిన మాటను, పట్టుదలతో నీరు పోయించి మొక్కలను నిలుపుకొన్న గ్రామములున్న మాటను కాదనను. కాని యే కార్యమైనను మన దేశమున చట్టములోని కెక్కునప్పుడే దాని యసలు రుచి తెలియును. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము, ప్రతి గ్రామమునందు నర్సరీ యుండవలెననియు, నాటిన మొక్కలలో నూటికి 85 బ్రతుకవలెననియు, బ్రతుకనిచో సర్పంచికిని కార్యదర్శికిని పదవీగండమనియు నిర్దేశించినది. పిల్లవానికి 35 మార్కులు వచ్చిన చాలు, ఉత్తీర్ణుడని పై తరగతికి పంపు దేశమున, చింతమొక్కకు మాత్రము ప్రథమశ్రేణిలోనే ఉత్తీర్ణత నిర్బంధమైనది.

సర్పంచి గారు వెఱ్ఱివారు కారు. వానయందు తమ యధికారము చెల్లదు. బోరులో నీరు కార్యదర్శి సంతకమునకు పైకి రాదు. కాని యే మొక్క నాటవలెనన్న దానియందు కొంత స్వాతంత్ర్యము కలదు. మఱ్ఱి నాటినచో మనుమల కాలమునకు గాని నీడ రాదు. ఇప్ప నాటినచో మేక మేయును. నేరేడు వేసవి తాళునో తాళదో. అట్టి విషమసమయమున దేశాంతరమునుండి వచ్చిన కోనోకార్పస్ అను మొక్క ఆపద్బాంధవునివలె సాక్షాత్కరించినది. త్వరగా పెరుగును, ఎండకోర్చును, ఏడాది పొడుగునను పచ్చగా నుండును, పశువులు దాని జోలికంతగా పోవని ప్రతీతి. ఫోటోలో మిక్కిలి చక్కగా పడును. ఇది పూవుకో పండుకో పిట్టగూటికో పెంచిన వృక్షము కాదు; నూటికి 85 తెచ్చుకొను వృక్షము. కనుక మన గ్రామముల వృక్షజాతిని నిర్ణయించినది వృక్షశాస్త్రవేత్త కాదు, చట్టములోని శాతము. పిదప కొన్నేండ్లకు దాని పుప్పొడి వలన ఊపిరి కీడని సందడి బయలుదేరి, 2022లో ఇక దానిని నాటవద్దని ప్రభుత్వమే సెలవిచ్చినది. అప్పటికే నాటినవి మాత్రము పూర్వోక్త చట్టము ననుసరించి విధేయతతో బ్రతికియే యున్నవి.

మొక్క దొరికినది, ఇక నేల కావలెను. పంట భూమి నెవరిత్తురు? ఊరి చెరువు శిఖమును పెద్దలు ముందే సాగుచేసుకొనుచున్నారు. ఇట్టి సమయములందు జ్ఞప్తికి వచ్చునది యే పట్టాదారునకును చెందక, ఊరికెల్ల చెందియున్న బంచరాయి. గైరాను అనుడు, కంచ అనుడు, పోరంబోకు అనుడు, పేరేదైనను రెవెన్యూ దృష్టికది శిస్తు రాని నేల. శిస్తు రాని నేల యుపయోగము లేని నేల. ఉపయోగము లేని నేలను ఉపయోగించుటకన్న దేశసేవ మఱి లేదు. ఆ నేలయందు తెల్లవాఱి లేచినది మొదలు ఊరి గొల్లలు, కురుమలు మందలు తోలుకొని పోవుచున్నారనియు, వంటచెఱకు, చీపురుపుల్ల, తంగేడు, సీతాఫలము, ఊరి వైద్యుని వేరు అక్కడివే యనియు చెప్పినచో, ఆ పనులకు రిజిస్టరున గడి లేదు. గడి లేని పని జరుగుట లేదని పాలనాశాస్త్రము ఘోషించుచున్నది. కనుక తీగ బిగించి, గేటు నిలిపి, రంగుల తోరణము కట్టి, లోపల నడకబాటయు సిమెంటు బల్లలును వేసి, పల్లె ప్రకృతి వనమని బోర్డు పెట్టినారు. బయట నున్న ప్రకృతికి ప్రవేశద్వారము లేకుండుట యొక కొరతయే కదా; అది తీఱినది.

ఇందు విశేషమేమనగా, 2017లో అదే ప్రభుత్వము గొల్ల కురుమలకు నూటికి 75 వంతుల రాయితీపై ఇరువది గొఱ్ఱెలును ఒక పొట్టేలును చొప్పున పంచిపెట్టినది. కుడిచేతితో గొఱ్ఱెనిచ్చి యెడమచేతితో బీడుకు తీగ చుట్టుట పరస్పరవిరుద్ధమని తొందరపడి యనరాదు. రెండును వేఱు వేఱు శాఖలు, రెండు శాఖలకును వేఱు వేఱు లక్ష్యములు కలవు, రెండును లక్ష్యమును సాధించినవని నివేదికలు కలవు. గొఱ్ఱె యేమి తినవలెనన్నది మూడవ శాఖ విషయము. అట్టి శాఖ యింకను ఏర్పడలేదు. మేకల సంగతి యింకను విషాదాంతము. 2019లో హుజూరాబాదున, నాటిన మొక్కలను మేసినవన్న ఫిర్యాదుపై రెండు మేకలను పోలీసు ఠాణాకు తరలించి, యజమాని చేత జుల్మానా కట్టించి విడిచిపెట్టినారు. నేరస్థుల వాఙ్మూలము తీసికొన్నారో లేదో పత్రికలు వ్రాయలేదు గాని, తీసికొనియున్నచో ఆ నేలపై తమ పూర్వుల హక్కును గూర్చి వానికి చెప్పవలసినది చాల యుండెను.

ఇంతకును బంచరాయి నిచ్చినదెవరని యడిగినచో గ్రామమే యిచ్చినదని తీర్మానము చూపుదురు. తీర్మానము చేయు విధానము మనోహరమైనది. చాటింపు వేయబడినట్లు మినిట్స్ పుస్తకమున వ్రాయబడును. సభ్యులు హాజరైనట్లు వ్రాయబడును. సుదీర్ఘముగా చర్చించినట్లును, ఏకగ్రీవముగా నామోదించినట్లును వ్రాయబడును. పిదప ఆ పుస్తకము ఇంటింటికి తిరిగి సంతకములను, వ్రాతరాని వారి నిశానీలను సంపాదించుకొని వచ్చును. ఉపాధిహామీ మస్టరు పైని వేయుచున్నామో, బంచరాయి పైని వేయుచున్నామో వేలికి తెలియదు. ప్రజలు సభకు పోవుట యను పాతపద్ధతికి బదులు సభయే ప్రజల గడపకు వచ్చుట వికేంద్రీకరణము యొక్క పరాకాష్ఠ యని నా యభిప్రాయము.

ఎప్పుడో యొకసారి యీ విధానము తప్పి, సభ నిజముగా జరుగుట కలదు. 2013లో పొరుగున ఒడిశాలోని నియమగిరిపై బాక్సైటు త్రవ్వవచ్చునా యని సుప్రీంకోర్టు యాజ్ఞపై 12 గ్రామసభల నడుగగా, పన్నెండును వలదన్నవి. అడిగినచో ఇట్టి ప్రమాదమున్నదని దానితో నందఱకును తెలిసినది. 2022 నాటి అటవీ సంరక్షణ నియమములలో కేంద్రము ముందుగా అటవీభూమి నిచ్చివేయుటకును, 2006 అటవీహక్కుల చట్టము ప్రకారము గిరిజనుల హక్కుల సంగతి తరువాత రాష్ట్రము చూచుకొనుటకును ఏర్పాటు చేసినారు. పెండ్లి యైన పిమ్మట పిల్ల నడుగుటలో నొక సౌకర్యము కలదు: ఆమె సమాధానము వలన ముహూర్తము చెడదు.

నూటికి పదిపాళ్ల నియమమునకు లోబడక, నిష్కారణముగా బ్రతుకుచున్న యొక ప్రాణిని గూర్చియు ఇచట చెప్పవలెను. కడప జిల్లాలోని కలివికోడి 1900 ప్రాంతమున కడపటిసారి కనబడి, అంతరించినదని పండితులచేత నిశ్చయింపబడి, 1986లో మరల ప్రత్యక్షమైనది. దానికి కావలసినది మహారణ్యము గాదు; విడివిడిగా కంపలును, కంపల నడుమ పరుగిడుటకు బోసినేలయు గల చిట్టడవి. ఆ పక్షికోసము లంకమల ప్రాంతమును అభయారణ్యము చేసినారు. తెలుగుగంగ కాలువను సయితము దాని కొఱకు దారి మళ్లించినారు. కాని కొమ్మల నీడ పదిపాళ్లకన్న తగ్గినచో సర్వే లెక్కలో నది అడవి గాదు, పొదలు. ఆ లోటును పూరింప దలచి యెవరైన నుత్సాహవంతుడైన యధికారి యా బోసినేలలో వరుసగా జామాయిల్ నాటించినచో, పటమున పచ్చరంగు పెరుగును, శాతము పెరుగును, కలివికోడి మాత్రము ఈసారి పండితులు చెప్పినట్లు వినును. రాయలసీమ, తెలంగాణముల సహజసంపద పెక్కుచోట్ల ఇట్టి కంపయు గడ్డియునే. వానిని బంజరని పిలిచి బాగుచేయ బూనుట మన యటవీపాలనలో మిక్కిలి కష్టపడి చేయు తప్పు.

నాటుట క్రిందివారి పని కాగా నరకుట పైవారి పని. అడవి నొకచోట వేఱే పనికి తీసికొన్నచో మఱియొకచోట మొక్కలు నాటవలెనన్న నియమము కలదు. అందుకై జమపడిన నిధి నుండి 2019 ఆగస్టులో రాష్ట్రములకు పంచిన మొత్తమే 47 వేల కోట్ల రూపాయలకు పైగా నున్నది. అడవికి ధర కట్టి, చెల్లుచీటి పుచ్చుకొనుట అలవాటైన పిదప, నూఱేండ్ల మద్దికి బదులుగా వేఱొక జిల్లాలో, వేఱొకరి బీడులో, మూరెడు మొక్క నిలిచినచో ఖాతా సరిపోయినట్లే. సరిపోనిది ఆ మద్ది క్రింద తునికాకు కోసుకొనువారికిని, ఆ బీడులో మందను తోలుకొనువారికిని మాత్రమే. వారిరువురి పేర్లును ఖాతాలో లేవు.

ఈ విద్యకు పరాకాష్ఠ 2025లో హైదరాబాదులోని కంచ గచ్చిబౌలియందు కనబడినది. నాలుగువందల యెకరముల నేల. పేరులోనే కంచ యున్నది. నెమళ్లు, జింకలు నక్కడ నెవరి యనుమతియు లేకయే కాపురమున్నవి. చెట్లు ప్రారంభోత్సవము లేకయే పెరిగినవి. విశ్వావసు నామ సంవత్సరాది నాడు, లోకమంతయు వేపపువ్వు ఏరుకొనుచుండగా, బుల్డోజరు లచట ప్రవేశించినవి. ఇది రెవెన్యూ భూమియే గాని యేనాడును అడవి గాదని రాష్ట్ర ప్రభుత్వము వాదించినది. రికార్డున నేమున్నను, నిఘంటువు ప్రకారము అడవియైన దెల్ల అడవియే యని సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 12ననే చెప్పియుండెను. ఏప్రిల్ 3న ఆ కోర్టే కలుగజేసుకొని నరకుట నాపునప్పటికి నూఱు ఎకరముల మేర చదునైపోయినది. ఊరి చివర ఎకరము నేలలో నాటిన మొక్కలు ప్రకృతి వనము. నాలుగువందల యెకరములలో తమంత తాము మొలిచినవి ఖాళీస్థలము. దీనిని బట్టి మన పాలనలో అడవికి ముఖ్యలక్షణము చెట్లు గావు, బోర్డు అని తేలుచున్నది.

కావున ప్రభుత్వమువారికి నాదొక విన్నపము. సర్పంచి నాటిన నూఱు మొక్కలలో పదునాఱు చచ్చిన నాతని పదవికి ముప్పు తెచ్చు ఆ సెక్షను చాల చక్కనిది. దానిని పంచాయతీ చట్టముననే బంధించియుంచుట యన్యాయము. కలెక్టరు మొదలుకొని సచివాలయము వరకును, అడవిని గాని కంచను గాని వేఱే పనికి మళ్లించు ప్రతి యుత్తరువు క్రిందను ఒక గడి గీయించి, అందు మునుపున్న చెట్లెన్ని, ఏడాది తరువాత మిగిలినవెన్ని, శాతమెంత, సంతకము చేసినవారి పేరు, హోదా ఏమి యని నింపించి, ఎనుబదియైదునకు తగ్గినచో సర్పంచికి వర్తించునదే వారికిని వర్తింపజేయవలెను. గడులు గీయుటకు నిపుణుల సంఘ మక్కఱలేదు. ఏ పంచాయతీ కార్యదర్శిని పిలిచినను అరగంటలో గీసి యిచ్చును. ఆ పని యాతనికి బాగుగా అలవడినది.