లుంగీ ఎగ్గట్టి తొక్కేవాడికి పేజీ లేదు

సైకిల్ పత్రికలు తిరగేస్తే తెలిసిందేమంటే, మన దగ్గర సైకిల్ తొక్కేవాళ్లలో చాలామందికి సైకిల్ తొక్కడం రాదు. బిగుతు దుస్తులుండవు, గుండె వేగం చూపే గడియారం ఉండదు, కాలి బలాన్ని వాట్లలో కొలిచే మీటరు అసలే ఉండదు. శ్రీశైలం దగ్గరి సున్నిపెంటలో పొద్దున్నే పాలక్యాన్లు తగిలించుకుని బయల్దేరే పెద్దాయనైతే మరీ ఘోరం. లుంగీ ఎగ్గట్టి తొక్కుతాడు.

పత్రికల బెంగంతా బరువు మీదే. పందెం సైకిల్ 6.8 కిలోలకు తగ్గకూడదని అంతర్జాతీయ సమాఖ్య నియమం. ఆ అంచు దాకా గ్రాము గ్రాము ఎలా చెక్కాలో పేజీలకు పేజీలు: సీటు గొట్టం కార్బన్‌దైతే ఇంత, బోల్టులు టైటానియంవైతే ఇంకొంత. మన పాలాయన ఇనుప సైకిల్ ఒక్కటే ఇరవై కిలోల దాకా తూగుతుంది, ఆపైన రెండు క్యాన్లు. ఆయనకు తెలిసిన బరువు తగ్గించే విద్య ఒక్కటే, ఇంటింటికీ పాలు పోయడం. దానికి ఖర్చు లేకపోగా డబ్బులు కూడా వస్తాయి.

ఇక దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ రోడ్డు. ఇలాంటి ఎత్తులకు పత్రికలు చెప్పే మందు 12 పళ్లచక్రాల గేరు. మనవాళ్ల మందు పాతదే, దిగి నెట్టడం. అసలు చిక్కు దిగేటప్పుడు. వానపడ్డ మలుపులో కడ్డీబ్రేకు రబ్బరు రిమ్మును పట్టుకుంటుందా, మల్లన్న మీదే భారం వేయాలా? కర్నూలు, కడప దారుల్లో పల్లేరు కాయలకు ఏ టైరు నిలుస్తుంది? నేను చూసిన సంచికల్లో ఈ ముక్క లేదు. రాత్రి ప్రయాణానికి వేల రూపాయల లైటు మాత్రం ఉంది. పులుల అడవి గనక రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా దోర్నాల గేటు మూస్తారు. ఆ లైటు కొన్నవాడు గేటు ముందు కూర్చుని పత్రిక చదువుకోవచ్చు.

హైదరాబాద్ నుంచి శ్రీశైలానికి 200 కిలోమీటర్లు దాటి తొక్కుకుంటూ వచ్చే కుర్రాళ్లంటే నాకు గౌరవమే. వాళ్ల కాళ్లలో సత్తా ఉంది. ముల్లు దిగితే వాళ్లూ వెతికేది పంక్చర్ షాపునే.

సంపాదకుల్ని మాత్రం ఏమనగలం? ప్రకటన ఇచ్చేది సైకిల్ అమ్మేవాడు, పరీక్షకు సైకిల్ పంపేదీ అతనే. నాన్న కొన్న సైకిల్‌ను కొడుకు తొక్కే ఇంటికి ఏం అమ్ముతారు? పాత సైకిల్ పెడల్ కడ్డీని బిగించే కాటర్ పిన్నును అట్టమీద బొమ్మగా వేస్తారా? 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే, సాహిబాబాద్‌లో అట్లాస్ సైకిళ్ల కర్మాగారం మూతపడింది. పాలాయన లాంటి నల్ల సైకిల్ వాళ్లకది ఇంటి చావు, కార్బన్ లోకానికి పక్కూరి చావు.

సంపాదకుల వారికి ఒక విన్నపం. వచ్చే నెల పరీక్షకొచ్చిన సైకిల్‌ను సున్నిపెంట పంపండి. పాలాయన నెల రోజులు తొక్కుతాడు, పంక్చర్ షాపాయన సమీక్ష చెబుతాడు, మీరు రాసుకోండి. క్యారియరూ స్టాండూ మాత్రం మీరే బిగించి పంపాలి.