చల్లగాలికి సాగర్ పోదాం రండి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్నారు పెద్దలు. మోటార్‌సైకిల్ సీటు ఏమవుతుందో చెప్పలేదు. పాపం, వాళ్ల కాలంలో బండంటే ఎద్దులబండే. ఆ లోటు తీర్చడానికన్నట్టు హైదరాబాద్ కుటుంబాలు ఏటా మే నెలలో ఈ ప్రయోగం చేస్తుంటాయి. ఇక్కడ ఉడికిపోతున్నాం, చల్లగాలికి నాగార్జునసాగర్ పోయొద్దామని వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు అంటారు. క్షణంలో అందరి బొటనవేళ్లూ లేస్తాయి. పటం చూసేవాడు మాత్రం ఒక్కడూ ఉండడు. సాగర్ రోడ్డు పోయేది ఎండల వార్తల్లో తరచూ పై వరసలో ఉండే నల్లగొండ జిల్లా మీదుగా. డ్యామ్ దాటితే మాచర్ల, ఇంకొంచెం పోతే ఎండలకు పేరుమోసిన రెంటచింతల. అంటే చల్లదనాన్ని వెతుక్కుంటూ మనం రెంటచింతల దిక్కుగా బయల్దేరుతున్నామన్నమాట.

“ఐదంటే ఐదింటికే అన్నా, ఎల్బీనగర్ కాడ కలుద్దాం. ఎండ ముదరకముందే సాగర్ల ఉంటం.” ముందురోజు రాత్రి ఈ మాట అన్నవాడే పొద్దున ఆరున్నరకు ఫోనెత్తి “వస్తున్నా, తొవ్వల ఉన్న” అంటాడు. వెనక నుంచి బకెట్లోకి నీళ్లు పడుతున్న చప్పుడు వినిపిస్తుంటుంది. ఏడింటికి పులిహోర తాలింపు. ఎనిమిదింటికి చిన్నోడి చెప్పు ఒకటి కనబడదు. తొమ్మిదింటికి ఎవరి బండిలోనో గాలి తక్కువుంటుంది. ఆ తర్వాత పెట్రోలు బంకు దగ్గర చర్చ. ఎండాకాలం ట్యాంకు నిండుగా కొట్టిస్తే పేలిపోతుందని బావగారికి మెసేజ్ వచ్చింది మరి. అది ఉత్త పుకారని చమురు కంపెనీలు ఖండించినా, ఆ ఖండన బావగారి ఫోనుకు ఇంకా చేరలేదు. మొత్తానికి పదిన్నరకు ఊరు దాటుతారు. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు బయట తిరగొద్దని విపత్తు నిర్వహణ సంస్థ ఏటా చెబుతుంది. మనవాళ్లు దాన్ని సలహాగా కాక టైమ్‌టేబుల్‌గా తీసుకుంటారు. సరిగ్గా ఆ మూడు గంటలూ నడిరోడ్డు మీదే ఉంటారు.

ఇక బండి మీద ఎవరెవరున్నారో చూద్దాం. మోటారు వాహనాల చట్టం 128వ సెక్షన్ ప్రకారం నడిపేవాడి వెనక ఒక్కరే కూర్చోవాలి. ఆ సెక్షన్ రాసినవాళ్లకు పెట్రోలు ట్యాంకు కూడా ఒక సీటేనని తెలియదు. దానిమీద చిన్నోడు, వాడి వెనక నాన్న, నడుమ పాప, చివర ఒక పక్కకు తిరిగి అమ్మ, అమ్మ ఒళ్లో పులిహోర డబ్బా. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు నడిపేవాడికి కట్టే బెల్టు, తలకు హెల్మెట్ ఉండాలని, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదని 2022లో కేంద్రం నిబంధన తెచ్చింది. మన బెల్టు అమ్మ మోచేయి. వేగం సంగతి నాన్న మూడును బట్టి. మొత్తం నిబంధనల్లో మనం తు.చ. తప్పకుండా పాటించేది ఒకటుంది. వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రానికైనా అడ్డు ఉండాలనేది. అదీ మన ఘనత కాదు, కంపెనీవాళ్లే చీర గార్డు బిగించి ఇస్తారు గనక. ఆ సీటు మీద ఎవరు కూర్చుంటారో ఎరిగినవాళ్లు రాసిన నిబంధన అదొక్కటే అని నా అనుమానం. దాన్ని కూడా తప్పించుకుని చక్రాన్ని చేరగల చున్నీలున్నాయి. అది నవ్వే సంగతి కాదు, ఇక్కడ నవ్వను.

హెల్మెట్ ఉంది. ఇంటికొకటి. నడిపేవాడికీ, వెనకున్నవాళ్లకీ, నాలుగేళ్లు దాటిన పిల్లలకీ ఉండాలని 129వ సెక్షన్ చెబుతుంది గానీ, నాన్న దాన్ని మోచేతికి తొడుక్కున్నాడు. ఉక్కపోస్తుందట. ఇబ్రహీంపట్నం దగ్గర పోలీసులు కనబడగానే అది తలకెక్కుతుంది, వాళ్లు వెనకబడగానే దిగిపోతుంది. 2019 సవరణ ప్రకారం హెల్మెట్ లేకపోతే వెయ్యి, ముగ్గురెక్కితే ఇంకో వెయ్యి. దానికితోడు మూడు నెలలు లైసెన్సు నిలిపివేసే వీలు కూడా ఉంది. నలుగురెక్కితే ఎంతని చట్టం విడిగా చెప్పలేదు. ఆ ఊహ దానికి రాలేదు.

ఈ గుంపులో బుల్లెట్ మీద వచ్చినవాడు ఒకడుంటాడు. నిలువెల్లా జాకెట్, చేతులకు గ్లౌజులు, మోకాళ్లకు గార్డులు. దారి పొడుగునా అందరికీ వాడే వినోదం. “ఏంది తమ్మీ, లడఖ్ పోతున్నవా?” అని బనియన్ లాంటి టీషర్టులో ఉన్న బావగారు అడుగుతారు. కానీ అక్కడ బుద్ధిగా ఉన్నది వాడొక్కడే. మన ఒంటి వేడి 37 డిగ్రీలు. బయటి గాలి 43 డిగ్రీలున్నప్పుడు బండి ఎంత జోరుగా పోతే ఒంటికి వేడి అంత జోరుగా తగులుతుంది, రొట్టెల భట్టీ ముందు ఫ్యాను పెట్టినట్టు. చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది కాబట్టి ఒంట్లో నీళ్లు పోతున్నట్టే తెలియదు. “చెమటే పడ్తలేదు, మస్తుగుంది గాలి” అని బావగారు మురిసిపోతారు. ఇంకో పది కిలోమీటర్లకు ఆయనకే తల తిరుగుతుంది. నెపం మాత్రం పులిహోర మీదికి పోతుంది. అందులో నూనె ఎక్కువైందట.

అందుకని నీడ కనబడ్డ చోటల్లా ఆగడమే. ఊళ్లో సిగ్నల్ దగ్గర చెట్టు యాభై అడుగుల వెనకుంటే గీత దగ్గరకు పోకుండా చెట్టు కిందే ఆగే జాతి మనది. హైవే మీద చెప్పేదేముంది. ఒక చోట మజ్జిగ, ఒక చోట చెరకు రసం, ఇంకో చోట ముంజలు. “మాల్‌లో ఆగుదాం” అనగానే పిల్లలు ఏసీ, ఎస్కలేటర్ ఊహించుకుని గంతులేస్తారు. తీరా చూస్తే మాల్ అనేది సాగర్ రోడ్డు మీదున్న ఊరు.

మూడింటికి డ్యామ్ వచ్చింది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆధునిక దేవాలయం. గేట్లు ఇరవయ్యారు. ఇరవయ్యారూ మూసే ఉన్నాయి. నిండితే 590 అడుగులుండే జలాశయం మే నెలలో అట్టడుగున కునుకు తీస్తోంది. ఒడ్డున రాళ్లు బయటపడ్డాయి. “ఆగస్టుల చూడాలె దీన్ని” అన్నారు బావగారు. ఆగస్టులో ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు. అప్పుడు వాన పడుతుంది, బండి మీద కష్టం. అక్కడికి పదకొండు కిలోమీటర్ల దూరాన ఎత్తిపోతల ఉంది. 70 అడుగుల జలపాతంలో ఇప్పుడు దారం మందాన నీళ్లు. పక్కనే మొసళ్ల పెంపకం కేంద్రం. ఎండలో మొసలి నోరు తెరుచుకుని పడుకునేది తల చల్లబరచుకోవడానికని చెబుతారు. మనవాళ్లు కూడా అదే భంగిమలో సెల్ఫీ దిగారు.

సాయంత్రం తిరుగు ప్రయాణానికి బండ్లు స్టార్ట్ చేస్తే, ఇంకో బండి మీద వచ్చిన అత్తగారు కొంగు బిగించి బస్టాండు వైపు నడిచారు. కోడళ్లూ, ఆడపిల్లలూ ఆమె వెంటే. “మీరు బండ్ల మీద రాండ్రి, మేం బస్సుల పోతం. మాకు టికెట్ లేదు.” నిజమే, 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. ఆధార్ కార్డు పొద్దున్నే సంచిలో పెట్టుకుని వచ్చారావిడ.

ఈ ఆదివారం సాగర్ పోయే ఆలోచన ఉన్నవాళ్లు ఆ అత్తగారి మాట వినండి. తొందర లేకపోతే వానలు పడి గేట్లెత్తాక పోండి. కాదు, మే నెలలోనే, బండి మీదే పోతామంటే ఇద్దరే పోండి, హెల్మెట్లు మాత్రం రెండు కొనండి. రెండూ తలలకే, మోచేతులకు కాదు.