టింబర్ పటేల్

టింబర్ పటేల్ ఎవరింటికి పోయినా ముందు మనుషుల మొహం చూడడు, కప్పు చూస్తాడు. చెప్పులు విడిచి, గడప దాటి, మెడ వెనక్కి విరిచి, నోరు కొంచెం తెరిచి అలాగే నిలబడిపోతాడు. ఇంటావిడ బూజు కనబడిందేమోనని సిగ్గుపడి చీపురు వెతుక్కుంటుంది. ఇంటాయన బల్లి మీద పడుతుందేమోనని తనూ పైకి చూస్తాడు. అప్పటికి పటేల్ తీర్పు చెప్పేసి ఉంటాడు. పైన సిమెంటు స్లాబైతే చిన్న నిట్టూర్పు విడిచి కూర్చుంటాడు. దూలాలైతే కూర్చోడు, ఎక్కడానికి స్టూలు అడుగుతాడు.

మద్నూర్‌లో ఆయనకు పుట్టుకతో వచ్చిన పిలుపు చిన్న పటేల్. ఉద్యోగం న్యూజెర్సీలో, సాఫ్ట్‌వేర్. టింబర్ అన్నది ఈమధ్య ఊరు తగిలించింది. వెనకాలే అంటారు కానీ ఆయనకు తెలుసు. తెలిసి కోపం రాకపోగా వాట్సాప్‌లో తన పేరు పక్కన తానే పెట్టుకున్నాడు.

ఇలాంటివాడు ఇప్పుడు ఊరికొకడు తయారవుతున్నాడు. ఒకాయన వారంలో తేనెటీగల పెంపకం నేర్చుకొస్తాడు, ఇంకొకాయన రెండు రోజుల్లో కుమ్మరిసారె తిప్పి వస్తాడు. పొద్దంతా కీబోర్డు కొట్టి, సాయంత్రానికి ఇదీ నేను చేసింది అని చేత్తో పట్టుకుని చూపడానికి ఏమీ లేని బతుకు. నలభై దాటేసరికి చేతులు దురద పెడతాయి. తాతల కాలంలో కూలి తీసుకుని చెమటోడ్చేవారు, వీళ్లు ఫీజు కట్టి ఓడుస్తారు. వీళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది గానీ జాలి మాత్రం రాదు. కొంచెం ఈర్ష్య కూడా ఉంది.

పటేల్ నేర్చుకొచ్చింది కర్రచట్రం ఇల్లు కట్టే పని. లావాటి దూలాలు, స్తంభాలు, వాటిని కుసి చెక్కి బెజ్జంలో దించి, కర్ర చీల కొట్టి బిగించడం. ఇనుప మేకు మాటెత్తకూడదు. అమెరికాలో ఒకప్పుడు ఇళ్లూ గడ్డి కొట్టాలూ ఇలాగే లేచేవి. పందొమ్మిదో శతాబ్దంలో రంపపు మిల్లులు, యంత్రంలో చేసిన చవక మేకులు వచ్చాక సన్న చెక్కల ఇళ్లు వాటిని మింగేశాయి. 1970ల్లో కొందరు కుర్రాళ్లు పాత కొట్టాలను విప్పి చూసి, ఆ పని మళ్లీ పట్టుకున్నారు. మసాచుసెట్స్‌లో 1978లో హార్ట్‌వుడ్ అనే బడి పెట్టారు. 1980లో ఈ పని మీద టెడ్ బెన్సన్ అనే ఆయన పుస్తకం వచ్చింది, 1985లో టింబర్ ఫ్రేమర్స్ గిల్డ్ అని ఒక సంఘమే కట్టుకున్నారు. ఇదంతా పటేల్‌కు కంఠస్థం. మద్నూర్‌లో బస్సెక్కి ఆయన పక్కన కూర్చుంటే బిచ్కుంద వచ్చేలోపు 1985 దాకా లాక్కొస్తాడు. తిరుగు ప్రయాణంలో జపాన్ హోర్యూజి ఆలయం, పదమూడు వందల ఏళ్ల కర్ర.

అలాంటి బడుల్లో ఒకదానిలో ఆయన వారం రోజులు ఉన్నాడు. పళ్ల డాక్టరు ఒకాయన, రిటైరైన టీచరమ్మ ఒకావిడ, మరికొందరు, అంతా కలిసి ఒక చిన్న షెడ్డు చట్రం చెక్కి నిలబెట్టారు. ఫీజెంత అని ఊళ్లో ఎవరడిగినా డాలర్లలో చెబుతాడు. చెప్పి, దాన్ని రూపాయల్లోకి మార్చకండి అని బతిమాలుతాడు.

ఇంతకూ ఆయన పుట్టింది దూలాల కిందే. తాత కట్టించిన మట్టి మిద్దె ఇంకా ఉంది. టేకు స్తంభాలు, చిలకలు చెక్కిన బోదెలు, వాటి మీద దూలాలు, ఆపైన దంటెలు, మట్టి. ఇక్కణ్ణుంచి దెగ్లూర్ మీదుగా నాందేడ్ దాకా పాత ఇళ్లది ఇదే తీరు. 1956 దాకా బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు దెగ్లూర్ తాలూకాలోవే కదా, రాష్ట్రాలు మధ్యలో గీత గీసుకున్నాయి గానీ కప్పులు గీసుకోలేదు. చిన్నప్పుడు పటేల్ ఆ దూలాల కింద మంచమేసుకుని వాటినే చూస్తూ నిద్రపోయాడు. ఇప్పుడు అమ్మా బాపూ పక్కనే స్లాబు ఇంట్లో ఉంటారు, పాత ఇంట్లో సోయా బస్తాలూ కాలిపోయిన మోటారూ ఉంటాయి. క్లాసు ముగించుకుని వచ్చిన పటేల్ ఆ ఇంట్లో టార్చి పట్టుకుని పొద్దున దూరినవాడు మధ్యాహ్నం అన్నానికి రాలేదు. పాము కరిచిందేమోనని బాపు వెళ్లి చూస్తే, కొడుకు బస్తాల మీద వెల్లకిలా పడుకుని, ఒక బోదెను ఫోటోలు తీస్తున్నాడు.

అప్పట్నుంచి ఊరికి నిద్ర కరువైంది. పెళ్లి భోజనాల దగ్గర కూడా ఆయన కిల్లారి భూకంపం సంగతి ఎత్తేవాడు. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున లాతూర్ జిల్లాలో వచ్చిన ఆ భూకంపంలో దాదాపు పదివేల మంది పోయారు. బండరాళ్లను మట్టితో పేర్చిన లావు గోడలు, వాటి మీద మట్టి కప్పులు, నిద్రలో ఉన్నవాళ్ల మీద పడ్డాయి. బరువంతా కర్ర స్తంభాలే మోసిన ఇళ్లలో గోడ కూలినా కప్పు నిలబడిన చోట్లున్నాయని తర్వాత వెళ్లి చూసిన ఇంజినీర్లు రాశారు. ఈ ముక్కలో పటేల్ చెప్పేది అక్షరాలా నిజం. అసలు మన నల్లరేగడి భూకంపం రాకుండానే గోడల్ని కదిలిస్తుంది, వానకు ఉబ్బి ఎండకు బీటలు తీస్తుంది. బరువు గోడకు అప్పగించకుండా స్తంభానికి అప్పగించినవాడికి ఆ నేల సంగతి తెలుసు. కాకపోతే ఈ మాట చెప్పడానికి పెళ్లి పందిట్లో, చేతిలో పెరుగన్నంతో, కొత్త స్లాబు వేయించుకున్న వియ్యంకుడి పక్కన కూర్చోవాలా అన్నదే ప్రశ్న.

ఆయన శ్రోతల్లో చివరిదాకా కూర్చునేది ఒక్క వడ్ల కాకే. డెబ్బై దాటిన మనిషి. గుంటుకలూ బండిచక్రాలూ చేసినన్నాళ్లు చేశాడు, ట్రాక్టర్లు వచ్చాక దర్వాజలకు దిగాడు. కొడుకులిద్దరూ దెగ్లూర్‌లో ప్లైవుడ్ అల్మారాలు బిగిస్తారు. కాక బేరం తెలుగులో ఆడతాడు, కొలతలు మరాఠీలో గొణుక్కుంటాడు.

పటేల్ ఆయన ముందు చతికిలబడి, రెండు కర్రముక్కలు తీసి విద్య విప్పాడు.

"చూడు కాకా. బెజ్జం పక్క నుంచి చీలకు తొర్ర పెడతాం. కుసికి కూడా తొర్ర పెడతాం, కానీ అదే వరసలో కాదు. భుజం వైపు ఒక్క సూత్ జరిపి పెడతాం. చీల కొడితే అది వంకర తిరుగుతూ పోయి కుసిని లోపలికి గుంజేస్తుంది. ఇక వందేళ్లైనా ఊడదు!"

కాక బీడీ అయిపోయేదాకా విన్నాడు.

"దర్వాజకు గట్లనే కొడ్తం చిన్న పటేలా. వెదురు చీల."

ఇంకొకడైతే మొహం మాడ్చుకునేవాడు. మన పటేల్ అలాంటివాడు కాదు, ఈ జాతిలో నాకు నచ్చేదీ అదే. ఎగిరి గంతేసి ఫోన్ తీశాడు. "మళ్లీ చెప్పు కాకా, కెమెరా దిక్కు చూసి!" కాక చొక్కా సర్దుకుని ఇంకో బీడీ ముట్టించబోయాడు, అమెరికాలో చూస్తారని ఆర్పేసి చెవి వెనక పెట్టుకున్నాడు.

ఆ ఊపులో బర్రెలకు కొట్టం కడదామని నిర్ణయమైంది. పన్నెండు బై పదహారు, అచ్చం క్లాసులోలాగే. కర్ర దగ్గర పేచీ వచ్చింది. టేకు కొట్టాలంటే సొంత పట్టా చేనులోదైనా అటవీశాఖ అనుమతి కావాలి, సెలవులేమో మూడు వారాలు. చేను గట్టున ముసలి వేపలు ఉన్నాయి, బాపు ఊఁ అన్నాడు. కొట్టిన కర్రను కొన్నాళ్లు నీళ్లలో పడేసి, తీసి నీడన ఆరబెట్టి, వచ్చే ఏడు ముట్టుకోవాలన్నాడు కాక. లేదు, పచ్చికర్ర మీదే పని సులువు, నిలబెట్టాక చట్రంలోనే ఆరి బిగుస్తుంది, అక్కడ అలాగే చేస్తారన్నాడు పటేల్. ఇద్దరి మాటా అబద్ధం కాదు. చివరికి అమెరికా పద్ధతి గెలిచింది, గెలిపించింది శాస్త్రం కాదు, రిటర్న్ టికెట్టు.

పని మొదలుకావాలంటే ముందు బల్ల కావాలి. క్లాసులో నిలబడి చేశారు కాబట్టి నడుమెత్తు బల్ల. కర్ర ఆనించడానికి గుర్రాలు రెండు. తుమ్మకర్ర సుత్తి ఒకటి. ఇవన్నీ కాకే చేసిచ్చాడు, కూలి తీసుకుని. కొట్టానికి ఒక్క గుంజ లేవకముందే ఆయనకు చాలాకాలం తర్వాత చేతినిండా పని దొరికింది. బల్ల తయారయ్యాక కాక దాని చుట్టూ ఓసారి తిరిగి, నేల మీద కూర్చుని, కర్రను కాలి వేళ్ల మధ్య పట్టి తన పని తాను చేసుకున్నాడు. పటేల్ తోలు ఏప్రన్ కట్టి, ఇనుప మూతి బూట్లు తొడిగి, చెవులకు డిప్పలు పెట్టుకుని బల్ల దగ్గర నిలబడ్డాడు. చెవులకెందుకు బిడ్డా, సుత్తి చప్పుడే కదా అని అమ్మ అడిగింది. ఆయనకు వినబడలేదు.

మొదటి బెజ్జం ఒక పూట పట్టింది. గునియ పెట్టి పెన్సిల్‌తో గీశాడు. చెరిపి, చాకుమొనతో గీశాడు. కాగితం తీసి చూసుకున్నాడు. వైట్ పైన్‌లో జున్నుముక్కలా దిగిన ఉలి ఈ వేపలో ముడి దగ్గర గణమంది, చూస్తే అంచు చిట్లింది. జపాన్ ఉలి. పటేల్ దాన్ని రెండు చేతుల్లో పెట్టుకుని కూర్చున్నాడు. కాక లేచొచ్చి, బెజ్జంలోకి వేలు దించి నాలుగు గోడలూ తడిమాడు.

"అడుగున పొట్ట మిగిలింది. కుసి తంతది."

అని, చిట్లిన ఉలి తీసుకుని రాయి మీద నూరడానికి పోయాడు. సాయంత్రానికి అంచు తిరిగొచ్చింది, ఉలి మాత్రం కాక సంచిలోనే ఉండిపోయింది. పటేల్ అడగలేదు. అడిగేంత సిగ్గులేనివాడు కాదు.

చట్రం ఎత్తేనాడు ఊరంతా వచ్చింది. తాడు పట్టేవాళ్ల కంటే సలహా చెప్పేవాళ్లు ఎక్కువ. ట్రాక్టర్ నడిపే కుర్రాడు జేసీబీ పిలువుండ్రి, ఐదు నిమిషాల పని అన్నాడు. పటేల్ వాడి వంక చూసిన చూపుకు వాడు ఆ పూటంతా తాడు వదల్లేదు. అక్కడ చట్రం లేచాక కొనకొమ్మున పచ్చటి చెట్టుకొమ్మ ఒకటి కడతారని, అది ఎంతో పాత ఆచారమని, చెట్టుకు కృతజ్ఞత అని పటేల్ గద్గదంగా చెబుతుంటే, ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అమ్మ అప్పటికే మామిడాకులు కట్టించి, పసుపు పూసి, గుంజ కింద వేయడానికి నవధాన్యాలు, రూపాయి బిళ్ల పట్టుకుని ముహూర్తం దాటిపోతోందని తొందరపెడుతోంది. కాకకు పెట్టాల్సిన ధోతీ కండువా పళ్లెంలో సిద్ధంగా ఉన్నాయి. లేపారు. కుసులన్నీ దిగాయి, ఒక్కటి తన్నింది, ఏదో చెప్పనక్కర్లేదు. కాక దాన్ని రెండు దెబ్బల్లో సరిచేశాడు. ఆఖరి చీల పటేల్ కొట్టాడు. ఫోటో దిగేదాకా ఎవర్నీ కదలనివ్వలేదు.

పైన ఏం కప్పాలో మాత్రం క్లాసులో చెప్పలేదు. అక్కడ చట్రం నిలబడితే పాఠం అయిపోయినట్టే. పటేల్ విమానమెక్కాక బాపు దెగ్లూర్ నుంచి రేకులు తెచ్చి వేయించాడు, ఇనుప మేకులతోనే. ఆ సంగతి న్యూజెర్సీకి ఇంకా తెలియదు. వీడియో కాల్‌లో అమ్మ ఫోన్‌ను గుంజల ఎత్తు దాటనివ్వదు.

ఎండలు ముదిరాక వేప ఆరింది. కొట్టం పిసరంత కదల్లేదు, బర్రెలు హాయిగా ఉన్నాయి, చీలలన్నీ పట్టుకునే ఉన్నాయి. ఈశాన్యం మూల మాత్రం భుజం దగ్గర సందిచ్చింది. వారానికోసారి పటేల్ ఆ మూలనే చూపించమంటాడు.

"సందు ఎంతుందమ్మా?"

"ఉంది బిడ్డా. మీ బాపు అండ్ల పాల చిట్టీ పెడుతుండు."

"చిట్టీయా? మడతపెట్టా, పెట్టకుండానా?"

"మడతపెట్టే."

అవతల కాసేపు మాట లేదు. కాగితం మందం లెక్కేస్తున్నాడు.

"ఎన్ని మడతలు?"