రాడ్ మార్చండి, మిగతాది దేవుడు చూసుకుంటాడు

విల్లీస్ వంశపు పాత మహీంద్రా పికప్ మీ ఇంట్లో ఉందనుకోండి. గేరు ఓ పట్టాన పడదు, పడినా రెండో గేరు న్యూట్రల్‌లోకి తన్నుకొస్తుంది. తప్పు నూటికి నూరుపాళ్లూ గేరు రాడ్‌దే. కంటికి కనబడుతున్నది అదొక్కటేగా! క్లచ్ పెడల్ ఎంత ఆడుతోంది, రబ్బరు మౌంటింగులు పగిలాయా, గేర్‌బాక్సులో తొంభై నంబరు ఆయిల్ ఉందా అని ముందు చూసే మిస్త్రీలు ఫలక్‌నుమాలో ఉన్నారు. వాళ్ల గడప తొక్కకండి. చిన్న పనితో బాగుచేసి పంపేస్తారు, నలుగురికీ చెప్పుకోడానికి ఏమీ మిగలదు.

మొదట నాబ్ మార్చండి. లోపల పువ్వు కనిపించే గాజు నాబ్ అయితే గేరు సిగ్గుపడి నిలబడుతుంది. అప్పటికీ జారితే రాడ్ వంతు. కొనేటప్పుడు పాతది వెంట తీసుకెళ్లి కొలుచుకోవడం పిరికితనం. గురువారం జుమ్మేరాత్ బజార్లో ఏ బండిదో ఎవరికీ తెలియని రాడ్ దొరికితే మరీ శ్రేష్ఠం. వంపు కుదరకపోతే గ్యాస్ పెట్టి ఎర్రగా కాల్చి వంచేయొచ్చు. ఫోర్కు గాడిలో కూర్చునే కింది మొన అరిగిందనీ, దానికి వెల్డింగ్ పోసి అరగదీస్తే పాత రాడ్డే పనికొస్తుందనీ అంటాడు ఉస్తాద్. గౌరవంగా తలూపి, రాడ్ మార్చమనండి.

పైమూత విప్పేటప్పుడు కింద గుడ్డ పరవకూడదు. గేరుని తన చోట ఆపి ఉంచే స్టీలు గుండ్లు, స్ప్రింగులు టింగుమని ఎగిరి మోరీలో పడాలి. బిగించాక ఏదో ఒకటి మిగలడం పనితనానికి గుర్తు. మిగిలేది రెండు రెయిళ్ల మధ్య పిన్ను అయితే అదృష్టం. రెండు గేర్లు ఒకేసారి పడకుండా అడ్డుకునే చాదస్తపు ముక్క అది. అది లేకపోతే రెండూ కలిసి పడతాయి, చక్రాలు బిగుసుకుని బండి నడిరోడ్డు మీద నిలబడిపోతుంది. హ్యాండ్‌బ్రేకు ఖర్చు కలిసొచ్చింది.

పరీక్షకు ఫలక్‌నుమా పేటను మించిన చోటు లేదు. నవాబు వికారుల్ ఉమ్రా 1884లో కొండ మీద మహల్ మొదలుపెట్టింది ఎందుకో చరిత్రకారులు చెప్పుకోనీ, ఆ వాలు మాత్రం గేరు కోసమే పుట్టింది. బండి దొర్లుతుండగానే మొదటి గేరు వేయండి. దానికి సింక్రోనైజర్ ఉండదు గనక పళ్లు కరకరా కొరుక్కుంటాయి, మీరు బండి బాగుచేయించిన సంగతి పేటంతా తెలుస్తుంది. దిగుడులో యాక్సిలరేటర్ వదలగానే రెండో గేరు జారబోతుంది, మోకాలితో అదిమిపట్టండి. మోకాలు నొప్పిపుడితే సైకిల్ ట్యూబుతో రాడ్‌ని సీటుకి కట్టేయండి. ఆ లాగుడుకి లోపల ఫోర్కు అరుగుతుంది. అరగనీ, మళ్లీ విప్పడానికి ఒక సాకు కావాలి కదా.

ఇక అమ్మకం. కొనేవాడు రాడ్ మీద చెయ్యి వేయకముందే చాయ్ చెప్పి కథ ఎత్తుకోండి: ఈ కంపెనీ 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్‌గా పుట్టింది, ఆ గులాం మహమ్మద్ నిజాం కొలువులో ఆర్థిక వ్యవహారాలు చూసినవాడే, దేశ విభజనప్పుడు పాకిస్తాన్ వెళ్లి అక్కడి మొదటి ఆర్థిక మంత్రి అయ్యాడు, 1948లో ఇక్కడ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. ఇదంతా నిజమే గనక మీ ముఖం కూడా నిజాయితీగానే ఉంటుంది. ట్యూబు ఎందుకని అడిగితే, కంపెనీ ఫిట్టింగ్ అనండి.