గాలిలో పోతున్న మా రాయల్టీ

భారత ప్రభుత్వ వైర్‌లెస్ అడ్వైజర్ గారికి,
సంచార్ భవన్, న్యూఢిల్లీ.

అయ్యా,

అనంతగిరి మండలంలో సిల్వర్ ఓక్ నీడన కాఫీ, మిరియాలు పండించుకునే గిరిజన రైతులం. మా కొండల మీదుగా మీ సరుకు, అంటే రేడియో తరంగాలు, పోతోంది. దారి సుంకం సంగతి తేల్చుకుందామని ఈ లేఖ.

విశాఖ కైలాసగిరి మీద వాతావరణ శాఖ వారి డాప్లర్ రాడార్ ఉంది. అది వదిలే తరంగం పది సెంటీమీటర్ల పొడవు. వాన చినుకులకు తగిలి వెనక్కొచ్చినదాన్ని పట్టి తుపాను ఎక్కడుందో చెబుతుంది. చూపు వందల కిలోమీటర్లు కాబట్టి మేమూ దాని చుట్టులోనే ఉన్నాం. కాకపోతే తూర్పు కనుమలు అడ్డం. కొండ వెనక లోయలో కిందుగా కురిసే వాన దానికి సరిగ్గా ఆనదు. మా మీదుగా పోతుంది గాని మమ్మల్ని చూడదన్నమాట. పైన విమానాల పైలట్లు వీహెచ్ఎఫ్ రేడియోలో మాట్లాడుకుంటూ పోతారు. ఇన్ని తరంగాలు షెడ్యూల్డ్ ప్రాంతంలోకి వస్తున్నా మా గ్రామసభను అడిగినవాళ్లు లేరు.

నవ్వకండి. 1970 నాటి ఒకటో రెగ్యులేషన్, మేం 1/70 అంటాం, మా నేల గిరిజనేతరుల చేతికి పోకూడదంటుంది. దేశంలో మొదటి తుపాను రాడార్ విశాఖలో పెట్టిందీ ఆ ఏడాదే. ఎవరు ముందో తేలితే మాకు కొంత బలం. పైగా 1997 జులై 11న సుప్రీంకోర్టు ‘సమత’ తీర్పు ఇచ్చింది మా మండలం బొర్రా గనుల మీదే. 1/70 ప్రభుత్వానికీ వర్తిస్తుందని, గిరిజనేతర కంపెనీలకు గనుల లీజులు చెల్లవని, గనుల నికర లాభంలో కనీసం 20 శాతం స్థానికుల కోసం తీసిపెట్టాలని చెప్పింది. నేల కింద ఉన్న రాయికి వర్తించింది, నేల మీద పోయే తరంగానికి ఎందుకు వర్తించదో మీ న్యాయ విభాగం వారిని అడగండి.

మీ లెక్క కూడా చూశాం. సొంత అవసరానికి వైర్‌లెస్ వాడుకునేవారికి 2012లో మీరిచ్చిన సూత్రం: ఎం, డబ్ల్యూ, సీ మూడూ గుణించు. దూరానికింత, బ్యాండు వెడల్పుకింత, చానళ్లు ఎన్నైతే అన్ని రెట్లు. దూరం ఉంది గాని ఎందుకు పిలుస్తున్నాడన్నది ఎక్కడా లేదు. రాష్ట్రాల పోలీసు శాఖలే మీకు స్పెక్ట్రమ్ చార్జీలు బకాయి పడ్డాయని పత్రికల్లో చదివాం. ప్రభుత్వం ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో వేసుకుంటూ, మధ్యలో రసీదు రాయడానికి మీ ఆఫీసు.

ఫోన్ కంపెనీల దగ్గర వసూలు చేయండి, మాకేం బాధ లేదు. వేలంలో ఎక్కువ పాడినవాడికి స్పెక్ట్రమ్ వెళ్తుంది, ఆ లాభమూ వాడిదే. విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి వేటకెళ్లే బోటు అలా కాదు. ఆపదలో పిలవాల్సింది 16వ చానల్, 156.8 మెగాహెర్ట్జ్. విమానానికైతే 121.5. ప్రపంచమంతా అవే. బేరమాడి ఇంకోటి తెచ్చుకునే వీలు లేదు. రుసుం పెంచితే స్పెక్ట్రమ్‌ను పొదుపుగా వాడతారన్న ఆలోచనతోనే 2008లో బ్రిటన్‌లో స్పెక్ట్రమ్ నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ విమానాలు, ఓడలు, రాడార్ల మీదికి వెళ్లింది. లైఫ్‌బోట్ల సంస్థ నుంచి కూడా గొడవొచ్చింది. రావాల్సిందే. మునిగిపోతున్నవాడు పొదుపుగా కేక వేస్తాడా?

2023 టెలికమ్యూనికేషన్ల చట్టంలో విపత్తుల నిర్వహణకు, వాతావరణ సూచనలకు, రవాణా భద్రతకు వేలం లేకుండానే స్పెక్ట్రమ్ ఇవ్వచ్చని రాశారు. మంచిదే. వేలం లేదంటే ఊరికే ఇస్తారని కాదు గదా, ఆ రెండో మాట కూడా రాస్తే బాగుండేది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చి కైలాసగిరి రాడార్‌నే దెబ్బతీసింది. మా సిల్వర్ ఓక్‌లు కాఫీ మొక్కల మీదే కూలాయి. కానీ తీరం దాటకముందే తుపాను వస్తోందని తెలియబట్టి జనాన్ని తరలించగలిగారు. దానికి ఎం, డబ్ల్యూ, సీ ఎంతో లెక్కగట్టి చూపండి.

1922లో అల్లూరి సీతారామరాజు పోలీసు స్టేషన్ల మీదికి వెళ్లే ముందు, వస్తున్నానని మిరపకాయ టపా పంపేవాడని ఇక్కడ చెప్పుకుంటారు. దానికి తెల్లదొరలు కూడా లైసెన్సు అడగలేదు.

కాబట్టి మా దావా ఇది. రాడార్ నుంచి, పడవ నుంచి, విమానం ఆపద పిలుపు నుంచి మాకు పైసా వద్దు. మీరూ తీసుకోవద్దు. ఫోన్ కంపెనీల సొమ్ములో మాత్రం సమత లెక్కన ఐదో వంతు. 2010 త్రీజీ వేలంలోనే మీకు దాదాపు 67,719 కోట్లు వచ్చాయి. అందులో ఐదో వంతంటే పదమూడున్నర వేల కోట్లు. అంతా మా ఒక్క మండలానికే అనడం లేదు, పాడేరు వాళ్లకూ ఇస్తాం. లేదూ, డబ్బు బదులు సిగ్నల్ ఇస్తామంటే అదీ సరే. రేషన్ వేలిముద్ర కోసం గుట్టెక్కి మిషన్ పైకెత్తి నిలబడే పని తప్పితే చాలు.

మాట్లాడాలనుకుంటే గ్రామసభకు రండి. సంత రోజున మాత్రం పెట్టకండి, కోరం ఉండదు.

ఇట్లు,
అనంతగిరి కాఫీ రైతులు