దర్శనం సరే, దక్షిణ సంగతేంటి?

ఢిల్లీ కటవారియా సరాయ్ సందులో గేట్ కోచింగ్‌కొచ్చిన మన కుర్రాళ్లు నలుగురు ఒకే గది, ఒకే గీజరు, ఒకే ఓటీటీ పాస్‌వర్డ్ పంచుకుంటారు. ఫుట్‌బాల్ మెస్సీని పంచుకోవడమే కుదరలేదు. 2025 డిసెంబరులో ఆయన హైదరాబాదులో ఉప్పల్‌కూ, ఢిల్లీలో అరుణ్ జైట్లీ స్టేడియానికీ వచ్చాడు. రెండూ క్రికెట్ మైదానాలే. ఊరొచ్చిన దేవుణ్ని పక్కింటి గుడిలో దింపినట్టు!

హైదరాబాదులో ఆయనతో ఫొటోకు 9.95 లక్షలన్నారు, జీఎస్టీ అదనం. పది లక్షలని అనకపోవడం చెప్పుల షాపు మర్యాద. ‘ఇంజినీరింగ్ సర్వీసు ఉద్యోగం వచ్చాక ఈఎంఐలో దిగుతా’నన్నాడు నలుగురిలో ఆశాజీవి.

రేట్ల విషయంలో ఫిఫా కూడా తక్కువ తినలేదు. 2026 ప్రపంచకప్ ఫైనల్‌కు అభిమానుల కోటాలో చవక టికెట్టే 4 వేల డాలర్లు దాటించింది. తిట్లు తిన్నాక 60 డాలర్లవి కాసిని విదిల్చింది, అవీ అర్హత సాధించిన జట్ల వీరాభిమానులకే.

మన జట్టూ ఏదో ఒకరోజు అర్హత సాధిస్తుంది. అప్పటికి ఈ కుర్రాళ్లకు సీనియర్ సిటిజన్ రాయితీ కూడా కలిసొస్తుంది.